కసురు మాట ఎవరికి తగులుతుంది?

ఇజ్రాయెల్‌లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను చూసే ఐసీయూల నుంచి 24 బృందాలను ఒక శిక్షణకు పిలిచారు. ఒక్కో బృందంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు. వాళ్ళ ముందు పెట్టింది నిజం బిడ్డను కాదు, శిక్షణలో వాడే బొమ్మను. పేగు దెబ్బతినే ఒక ప్రమాదకరమైన జబ్బు వచ్చి ఆ ‘బిడ్డ’ పరిస్థితి నిమిషాల్లో విషమిస్తుంది. జబ్బేమిటో కనిపెట్టాలి, చెయ్యాల్సినవి వెంటనే చెయ్యాలి. అమెరికా నిపుణుడు ఒకాయన దూరం నుంచి గమనిస్తున్నాడని వాళ్ళకు చెప్పారు. కొన్ని బృందాలతో ఆ నిపుణుడు మామూలుగా మాట్లాడాడు. మిగతా బృందాలతో మాత్రం, ఇజ్రాయెల్ వైద్యం తనకేమీ గొప్పగా అనిపించలేదనీ, ఇక్కడ తాను చూసినలాంటి వాళ్ళు తన విభాగంలో వారం కూడా నిలవలేరనీ అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. ఎదురుగా ఉన్న బృందం చేసిన పనిలో ఫలానా తప్పుందని కూడా అనలేదు.

ఎవరు ఏ మాటలు విన్నారో తెలియని నిపుణులకు వీడియోలు చూపించి మార్కులు వేయించారు. చులకన మాటలు విన్న బృందాలు జబ్బును గుర్తించడంలోనూ, చికిత్స చెయ్యడంలోనూ వెనకబడ్డాయి. పనితీరులో బృందానికీ బృందానికీ ఉన్న తేడాలో దాదాపు 12 శాతం ఆ రెండు మాటల ఖాతాలోకే వెళ్ళింది. అరియే రిస్కిన్, అమీర్ ఎరెజ్, మరికొందరు కలిసి చేసిన ఈ పరిశోధన 2015లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చింది. అందులో అన్నిటికన్నా ఆలోచించాల్సింది, ఆ బృందాలు ఎక్కడ తడబడ్డాయన్నది. ఆ డాక్టర్లకూ నర్సులకూ ఉన్న చదువు, అనుభవం ఎక్కడికీ పోలేదు. తాము గమనించిన విషయాన్ని పక్కవాళ్ళకు చెప్పడం తగ్గింది. సాయం అడగడం తగ్గింది. మొదటిది తగ్గడం వల్ల జబ్బు పట్టుబడలేదు, రెండోది తగ్గడం వల్ల చికిత్స దెబ్బతింది.

మర్యాద గురించి మన దగ్గర మాట్లాడేటప్పుడు దాన్ని మనసుకు సంబంధించిన వ్యవహారంగానే చూస్తాం. ఒకడు కసిరాడు, ఇంకొకడు బాధపడ్డాడు, కాసేపటికి సర్దుకున్నాడు అనుకుంటాం. బాధపడ్డవాడికి కూడా ‘అంత పట్టించుకోకు’ అనే సలహా ఇస్తాం. కానీ ఆ శిక్షణ గదిలో మాట పడింది డాక్టరూ నర్సులూ. అది నిజం వార్డయి ఉంటే ఫలితం అనుభవించేది వాళ్ళు కాదు, ఇంక్యుబేటర్‌లో ఉన్న పసికందు. ఆ బిడ్డ ఆ మాట వినను కూడా వినలేదు. చిన్న అమర్యాదను తేలిగ్గా తీసుకోకూడదు అనడానికి ఇంతకంటే బలమైన కారణం కనిపించదు.

ఒక మాట అంత పని ఎలా చేస్తుంది? మనిషి బుర్ర ఒకేసారి పట్టి ఉంచుకోగలిగింది తక్కువ. రోగి నాడి, మందు మోతాదు, ఇంతకుముందు చేసిన పరీక్ష, ఇప్పుడు చెయ్యాల్సిన పని, ఇవన్నీ ఒకేసారి మనసులో ఆడుతుండాలి. మధ్యలో ‘ఆయన అలా ఎందుకన్నాడు, నేనేం చేశానని’ అన్న ఆలోచన దూరితే ఆ కొంచెం చోటులో సగం అదే ఆక్రమిస్తుంది. చేతులు పని చేస్తూనే ఉంటాయి, కళ్ళు చూస్తూనే ఉంటాయి, మనసు మాత్రం ఆ మాట చుట్టూనే తిరుగుతుంటుంది.

పెద్ద తిట్టు కన్నా చిన్న విసురు ఎక్కువసేపు తిరగడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగాల్లో అమర్యాద గురించి 1999లో లిన్ ఆండర్సన్, క్రిస్టీన్ పియర్సన్ రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ ఆధారంగా నిలుస్తోంది. చిన్న అమర్యాదకు వాళ్ళు చెప్పిన ముఖ్య లక్షణం, ఉద్దేశం స్పష్టంగా తెలియకపోవడం. బండబూతులు తిడితే తిట్టాడని తెలుస్తుంది. ఎదురు తిరగాలా, ఫిర్యాదు చెయ్యాలా, ఊరుకోవాలా అన్నది తేల్చుకోవచ్చు. నమస్కారం పెడితే తల తిప్పుకుని వెళ్ళిపోయిన పై అధికారి సంగతి అలా కాదు. చూడలేదా? చూసీ చూడనట్టు పోయాడా? మనం మాట్లాడుతుండగా ఫోన్ చూసుకుంటున్నవాడు వింటున్నాడా? కాగితం చేతికివ్వకుండా బల్ల మీద విసిరినట్టు పెట్టాడు, తొందరలోనా, లెక్కలేకనా? ఎవరికైనా చెబితే ‘నువ్వే ఎక్కువగా ఊహించుకుంటున్నావు’ అంటారు. అందుకని చెప్పరు. చెప్పుకోవడానికి చాలనంత చిన్నదీ, మర్చిపోవడానికి వీల్లేనంత పెద్దదీ అయిన ఆ సంగతి సాయంత్రం దాకా వెంట ఉంటుంది, చాలాసార్లు ఇంటికీ వస్తుంది.

క్రిస్టీన్ పోరథ్, అమీర్ ఎరెజ్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాన్ని మన ఆఫీసుల్లో తిరిగిన ఎవరైనా గుర్తుపడతారు. ప్రయోగానికి వచ్చిన విద్యార్థులు గది మారిందని తెలిసి, అక్కడున్న ప్రొఫెసర్‌ను దారి అడుగుతారు. ‘చదవడం రాదా? తలుపు మీద రాసి ఉంది కదా. నేనేమైనా సెక్రటరీనా?’ అన్న ధోరణిలో ఆయన కసురుతాడు. తర్వాత వాళ్ళకు కలగాపులగంగా ఉన్న అక్షరాలతో పదాలు కూర్చమని, ఒక ఇటుకను ఎన్ని రకాలుగా వాడొచ్చో రాయమని పనులిచ్చారు. కసురు తిన్నవాళ్ళు రెండింటిలోనూ వెనకబడ్డారు. దారి చెప్పిన మనిషికీ ఆ పనికీ ఏ సంబంధమూ లేదు, ఆయన్ను వాళ్ళు మళ్ళీ చూడబోరు కూడా. ‘బోర్డు కనపడట్లేదా?’ అన్న మాట మన బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, రైల్వే కౌంటర్లలో రోజుకెన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టడం కష్టం. ఆ మాట విన్న మనిషి తర్వాతి కౌంటర్‌లో ఫారం తప్పుగా నింపితే, అక్కడున్న గుమస్తా ‘వీళ్ళకేం తెలియదు’ అనుకుని ఇంకో మాట అంటాడు.

పక్కన నిలబడి చూసినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు కదా. పోరథ్, ఎరెజ్‌లే 2009లో అదీ పరీక్షించారు. ఒకరిని కసురుతుండగా చూసినవాళ్ళ పనితీరు కూడా తగ్గింది, తోటివాళ్ళకు సాయం చేయాలన్న ఆసక్తీ తగ్గింది. తరగతిలో ఒక పిల్లవాడిని నిలబెట్టి ‘నీ మొహానికి లెక్కలొస్తాయా’ అని పంతులు అడిగితే మిగతా యాభై మంది నేర్చుకునేది ఏమిటో దీన్నిబట్టి ఆలోచించవచ్చు. ఆ రోజు వాళ్ళు నేర్చుకునేది లెక్కల పాఠం కాదు, చెయ్యెత్తి సందేహం అడగకూడదని.

2016లో ట్రెవర్ ఫౌల్క్, ఆండ్రూ వూలమ్, అమీర్ ఎరెజ్ ఇంకో అడుగు ముందుకు వెళ్ళారు. బేరసారాలు ఎలా చెయ్యాలో నేర్చుకుంటున్న 90 మంది పీజీ విద్యార్థులను జంటలు మార్చి మార్చి కూర్చోబెట్టారు. మొదటి జోడీ తనతో దురుసుగా ఉన్నాడని ఒక విద్యార్థి చెబితే, ఆ విద్యార్థి గురించి తర్వాతి జోడీ కూడా అదే మాట చెప్పడం ఎక్కువగా కనిపించింది. రెండు బేరాల మధ్య వారం గడిచినా ఆ ప్రభావం పోలేదు. ఈ గుణాన్ని వాళ్ళు జలుబుతో పోల్చారు. ఆ పోలికలో పట్టుకోవాల్సిన సంగతి, అంటించేవాడికి అంటిస్తున్నానని తెలియకపోవడం. దురుసుతనాన్ని చూసినవాళ్ళు ఆ తర్వాత దురుసు మాటలను తొందరగా గుర్తుపడుతున్నారని కూడా ఆ పరిశోధనలో తేలింది. ఎదుటివాడు మామూలుగా అన్న మాటలోనూ విసురు వినిపించడానికి మనసు సిద్ధమైపోతుందన్నమాట.

దీన్ని బస్సులో పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఎంతోమంది ఆడవాళ్ళకు పనికి, చదువుకు, ఆసుపత్రికి వెళ్ళే దారి తెరుచుకుంది. బస్సులు కిక్కిరిశాయి. కిక్కిరిసిన పల్లెవెలుగులో కండక్టర్ ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి, మగవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని చిల్లర ఇవ్వాలి, ఫుట్‌బోర్డు మీదున్న పిల్లల్ని లోపలికి పిలవాలి, స్టేజీ వచ్చేలోపు లెక్క సరిచూసుకోవాలి. ‘ఫ్రీయే కదా, సర్దుకో’ అని ఆయన ఒకామెను అంటే ఆ మాట బస్సంతా వింటుంది. తర్వాతి స్టాపులో ఎక్కినామె కార్డు చూపించమంటే చురచుర చూస్తుంది. ఆమె చూపుకు కండక్టర్ గొంతు ఇంకాస్త పెరుగుతుంది. రోజు ముగిసేసరికి ఎవరు మొదలుపెట్టారో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ కండక్టర్ చెడ్డవాడని తీర్పు చెప్పడం తేలిక. ఆయన మీద పడిన పని ఇద్దరు చెయ్యాల్సినంత ఉందా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. అలసట, రద్దీ, తొందర పెరిగినచోట మర్యాద తగ్గుతుంది. అది మనుషుల గుణంతో పాటు పని పంపిణీకి సంబంధించిన విషయం కూడా.

అయితే పని భారం ఒక్కటే కారణమైతే కసురు అన్నివైపులా సమానంగా వెళ్ళాలి. అలా వెళ్ళదు. ఎంత అలసిపోయినా ఎవరూ పై అధికారిని కసరరు.

ఆసుపత్రుల్లో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. రాత్రి రెండు గంటలకు వార్డులో ఉన్న స్టాఫ్ నర్సుకు కేసు షీటులో రాసిన మోతాదు మీద అనుమానం వచ్చింది. ఫోన్ చేసి అడగాలి. కిందటిసారి అడిగినప్పుడు ‘ఆ మాత్రం తెలీదా, దీనికి కూడా నిద్ర లేపాలా?’ అన్న జవాబు వచ్చి ఉంటే ఆమె ఏం చేస్తుంది? పక్క వార్డు నర్సును అడుగుతుంది. హౌస్ సర్జన్ కోసం చూస్తుంది. ఎవరూ దొరక్కపోతే రాసినట్టే ఇస్తుంది. అమెరికాలో మందుల భద్రత మీద పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ 2003లో నర్సులను, ఫార్మసిస్టులను అడిగితే, గతంలో ఎదురైన బెదిరింపు ధోరణి వల్ల, మందుచీటీ మీద సందేహం వచ్చినప్పుడు అడిగే తీరే మార్చుకున్నామని సగానికి దగ్గరగా చెప్పారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో ప్రొఫెసర్ నుంచి పీజీకి, పీజీ నుంచి హౌస్ సర్జన్‌కు, అక్కడి నుంచి నర్సుకు, వార్డుబాయ్‌కి, చివరికి రోగి వెంట వచ్చిన ముసలి తల్లికి ఆ విసురు దిగుతూ వస్తుంది. అందరి ముందూ రౌండ్స్‌లో తిట్లు తింటేనే వైద్యం వస్తుందని నమ్మే పెద్ద డాక్టర్లు ఇంకా ఉన్నారు. తామూ అలాగే నేర్చుకున్నామంటారు. అలా నేర్చుకున్నవాళ్ళలో ఎంతమంది ఎన్ని సందేహాలు అడగకుండా మింగారో, వాటిలో ఏవి ఏ రోగికి ఎంత చేటు చేశాయో ఏ రికార్డులోనూ ఉండదు.

2019లో ‘జామా సర్జరీ’ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ సంగతిని ఇంకోవైపు నుంచి చూసింది. తోటి సిబ్బందితో అనుచితంగా ప్రవర్తిస్తారని ఎక్కువ ఫిర్యాదులున్న సర్జన్లు ఆపరేషన్ చేసిన రోగులకు, ఏ ఫిర్యాదూ లేని సర్జన్ల రోగులతో పోలిస్తే, తర్వాత వచ్చే సమస్యలు సుమారు 14 శాతం ఎక్కువగా కనిపించాయి. దురుసుతనమే ఆ సమస్యలు తెచ్చిందని ఇది రుజువు చెయ్యదు, రెండూ కలిసి కనిపించాయి అంతే. కానీ ‘మాట కరుకే గానీ చెయ్యి మంచిది’ అని మనవాళ్ళు పెద్ద డాక్టర్ల గురించి చెప్పుకునే భరోసా అంత గట్టిదేమీ కాదని మాత్రం ఇది చూపిస్తుంది. థియేటర్‌లో చెయ్యి ఒక్కటే ఆపరేషన్ చెయ్యదు. దూది లెక్క తప్పిందని, రక్తపోటు పడుతోందని చెప్పే నోళ్ళు కూడా కావాలి.

తెలుగు సమాజంలో మర్యాద అనేది చాలాకాలం పైకి మాత్రమే ప్రవహించింది. ఊళ్ళో పెద్దకులం ఇంటి పదేళ్ళ పిల్లవాడు అరవై ఏళ్ళ పాలేరును ‘ఒరేయ్’ అని పిలవడం, ఆ పాలేరు ఆ పిల్లవాడిని ‘అయ్యా’ అనడం మన తాతల కాలంలో మామూలు విషయం. అక్కడ అది అమర్యాద అని ఎవరికీ అనిపించలేదంటే, అనిపించినవాళ్ళకు పైకి చెప్పే వీలు లేదు కాబట్టి. ఆ ఊళ్ళు మారాయి. ఆ అలవాటు కొత్త చోట్లకు వెళ్ళింది. అపార్ట్‌మెంట్‌లో తన వయసుకు అయిదింతలున్న పనామెను పిల్లవాడు పేరుపెట్టి ‘నువ్వు’ అంటాడు, ఇంట్లో ఎవరూ సరిచెయ్యరు. వాచ్‌మన్ పేరు ఏళ్ళు గడిచినా చాలామందికి తెలియదు. లిఫ్టు వేరు, గ్లాసు వేరు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్దగా కనిపించదు, రోజూ కలిసి చేసే పని మాత్రం పెద్దది.

ప్రభుత్వ ఆఫీసుల్లో దీని ధర డబ్బులోనే కనిపిస్తుంది. భూమి పాస్‌బుక్‌లో పేరు తప్పు పడిందని ఎమ్మార్వో ఆఫీసుకు వచ్చిన రైతును తీసుకుందాం. ఏ కాగితాలు జతచెయ్యాలో ఆయనకు తెలియదు. కౌంటర్‌లో ఉన్న మనిషి తల ఎత్తకుండానే ‘సార్ లేరు, రేపు రా’ అంటాడు. ఆ రెండో మాటలోని ఏకవచనం ఆయనకు కొత్తేం కాదు, కానీ ఇంకో ప్రశ్న అడగాలన్న ధైర్యం అక్కడితో పోతుంది. ఏ సారు, రేపు ఎన్ని గంటలకు, ఏం తెచ్చుకోవాలి అన్నవి అడగకుండానే బయటికి వస్తాడు. ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీలు పోయాయి. గేటు దగ్గర చెట్టు కింద ఇంకో మనిషి ఉంటాడు. ‘రా బాబాయ్, కూర్చో, ఏంటి పని?’ అంటాడు. కాగితాలు చూస్తాడు, ఏది తక్కువైందో చెబుతాడు, ఇంతవుతుందని డబ్బు అడుగుతాడు. అవినీతి గురించి మాట్లాడేటప్పుడు దళారి పలుకుబడి గురించే చెబుతాం. ఆయన అమ్మేదాంట్లో మంచిమాట కూడా పెద్ద భాగమే. లోపల ఉచితంగా దొరకాల్సిన వివరణను, లోపల దొరకని మర్యాదతో కలిపి బయట అమ్ముతున్నాడు. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు తల ఎత్తి రెండు నిమిషాలు మాట్లాడితే ఆ చెట్టు కింది బేరం పూర్తిగా పోకపోయినా బాగా తగ్గుతుంది.

పోలీస్ స్టేషన్‌లో ఏకవచనం ఇంకా బరువైనది. ఇది మన రెండు రాష్ట్రాల సమస్యే కాదు. 2021లో కేరళ హైకోర్టు ఆ రాష్ట్ర పోలీసులు జనాన్ని ‘ఎడా’, ‘ఎడీ’ అని పిలవడాన్ని తప్పుపట్టింది, అలా పిలవకూడదని ఆ రాష్ట్ర డీజీపీ సర్క్యులర్ ఇచ్చారు. మన ‘ఏరా’, ‘ఏమే’లకు అవి తోబుట్టువులు. ‘పిలుపుదేముంది, న్యాయం జరిగితే చాలు కదా’ అనేవాళ్ళున్నారు. కానీ స్టేషన్ గడప దగ్గరే ‘ఏమే’ అనిపించుకున్న ఆడమనిషి తన ఒంటి మీది దెబ్బల గురించి, వాటి వెనక జరిగిన దాని గురించి పూర్తిగా చెప్పదు. చెప్పనిది ఎఫ్ఐఆర్‌లోకి రాదు. ఎఫ్ఐఆర్‌లో లేనిదాన్ని కోర్టులో కొత్తగా చెబితే ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటాడు. పిలుపు దగ్గర మొదలైనది తీర్పు దాకా వెళ్ళడానికి ఇంతకన్నా పెద్ద మెట్లు అక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘నువ్వు’ అన్న ప్రతి మాటా అమర్యాద కాదు, ‘మీరు’ అన్న ప్రతి మాటా గౌరవం కాదు. తెలంగాణ పల్లెల్లో, ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళను కూడా ‘నువ్వు’ అనడంలో చనువుంటుంది, చిన్నచూపు ఉండదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకు అది మొదట్లో మొరటుగా వినిపిస్తుంది. వాళ్ళ మాటమాటకీ వచ్చే ‘అండి’ ఇటువైపు వాళ్ళకు దూరం పెట్టినట్టుంటుంది. హైదరాబాద్‌లో ఈ రెండు తీర్లూ ఒకే ఆఫీసులో కూర్చుంటాయి, అపార్థాలు వస్తాయి, అవి మాట్లాడుకుంటే పోతాయి కూడా. థాంక్స్ సంగతీ అంతే. అన్నం పెట్టిన అమ్మకు థాంక్స్ చెబితే ‘ఏంట్రా కొత్తగా’ అంటుంది. ఇది మనకు మాత్రమే ఉన్న లోటు అనుకోనక్కర్లేదు. అయిదు ఖండాల్లోని ఎనిమిది భాషల వాళ్ళ రోజువారీ సంభాషణలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దగ్గరివాళ్ళు అడిగిన చిన్న పని చేసినప్పుడు మాటల్లో కృతజ్ఞత చెప్పడం చాలా అరుదని తేలింది. అడిగితే చేస్తారు, అంతే. మన ఇళ్ళలో మర్యాద ‘తిన్నావా?’ అన్న ప్రశ్నలో, వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళివ్వడంలో, పెద్దవాళ్ళు లోపలికి రాగానే కుర్చీ ఖాళీ చెయ్యడంలో ఉంటుంది. ఎదుటివాడు తనను మనిషిగా లెక్కవేశాడా లేదా అన్నది వినేవాడికి మాటల కన్నా ముందు గొంతులోనే తెలిసిపోతుంది.

గొంతు గురించి ఆధారమూ ఉంది. భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త నళిని అంబాడి, ఆమె సహచరులు 2002లో సర్జన్ల మాటలను పది సెకన్ల ముక్కలుగా తీసి, పదాలు అర్థం కాకుండా చేసి, స్వరం మాత్రం వినిపించేలా ఉంచి కొందరికి వినిపించారు. పెత్తనం ధ్వనించే గొంతు ఎవరిదో, రోగులు కోర్టుకు లాగిన చరిత్ర ఎక్కువగా వాళ్ళకే ఉన్నట్టు తేలింది. డాక్టరు ఏం చెప్పాడో తెలియకుండానే, ఎలా చెప్పాడన్నది విని ఇంత దూరం ఊహించగలిగారు.

మంచిమాటకూ అంతే దూరం వెళ్ళే శక్తి ఉంది. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక విద్యార్థి తన ఉద్యోగ దరఖాస్తు లేఖ చూసిపెట్టమని కొందరిని అడిగాడు. చూసిపెట్టాక కొందరికి ‘అందింది’ అని మాత్రమే జవాబిచ్చాడు, మరికొందరికి కృతజ్ఞతలు కూడా చెప్పాడు. ఇంకో లేఖ చూడమంటే మొదటి గుంపులో 32 శాతం మంది ఒప్పుకున్నారు, రెండో గుంపులో 66 శాతం. ఆ తర్వాత సంబంధంలేని ఇంకొకరు సాయం అడిగితే మొదటి గుంపులో 25 శాతం, రెండో గుంపులో 55 శాతం ముందుకొచ్చారు. ఆ రెండో మనిషి ఎవరికీ ఏ థాంక్సూ చెప్పలేదు, ముందువాడు చెప్పినదాని ఫలం ఆయనకు దక్కింది.

మరి మంచిమాట ఇంత చవకైనప్పుడు ఎందుకు పొదుపు చేస్తాం? అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో వచ్చిన తమ పరిశోధనలో ఒక కారణం చూపించారు. షికాగోలో మంచు మీద స్కేటింగ్ చేసే చోట, చలిలో ఉన్న అపరిచితులకు కొందరి చేత వేడి చాకొలెట్ ఇప్పించారు. అందుకున్నవాళ్ళు ఎంత సంతోషిస్తారని ఇచ్చినవాళ్ళు అనుకున్నారో, నిజంగా వాళ్ళు అంతకన్నా ఎక్కువ సంతోషించారు. ఇచ్చేవాడు వస్తువు విలువ లెక్కవేస్తాడు, ‘ఒక కప్పే కదా’ అనుకుంటాడు. పుచ్చుకునేవాడికి ఆ తలపు కూడా అందుతుంది. మన దగ్గర ఎండాకాలం చలివేంద్రం పెట్టే సంప్రదాయం ఉంది. కుండలో నీళ్ళే. మే నెల మధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన కుర్రాడిని గడప దగ్గర నిలబెట్టి ఓటీపీ మాత్రం చెప్పి తలుపు వేసుకునే ఇళ్ళు ఆ సంప్రదాయం ఉన్న వీధిలోనే ఉంటాయి. గ్లాసు మంచినీళ్ళు ఇవ్వాలని తోచక కాదు, అతనికి అది అంత ముఖ్యమని తోచక.

ఇదంతా చదివి, అణగిఉన్నవాళ్ళు నోరెత్తితే ‘మర్యాదగా మాట్లాడు’ అనడానికి ఆధారం దొరికిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు. రోగి బంధువులు డాక్టర్ల మీద అరవడం, చెయ్యి చేసుకోవడం మన రెండు రాష్ట్రాల్లో తరచూ జరుగుతోంది. దాన్ని అడ్డుకోవడానికి 2008లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. బంధువుల కటువు మాట వైద్యాన్ని దెబ్బతీస్తుందనడానికీ రుజువుంది. రిస్కిన్ బృందమే 2017లో, ఒక తల్లి అన్న దురుసు మాట తర్వాత వైద్య బృందాల పనితీరు రోజంతా తగ్గి ఉందని చూపించింది. కాబట్టి బంధువులు నోరు అదుపులో పెట్టుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ గొడవలు మొదలయ్యే తీరు చూడండి. ఐసీయూ తలుపు బయట గంటల తరబడి నేల మీద కూర్చుని, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పక, వచ్చిన ప్రతి తెల్లకోటు వెంటా పరిగెత్తి ‘తర్వాత’ అనిపించుకున్న మనిషి చివరికి అరుస్తాడు. రికార్డులో ఆ అరుపే ఉంటుంది. అంతకుముందు జరిగిన అమర్యాద మౌనంగా జరిగింది కాబట్టి దానికి సాక్ష్యం ఉండదు. బలం ఉన్నవాడి అమర్యాద నెమ్మదిగా, మంచి భాషలో కూడా ఉండగలదు. బలం లేనివాడిది కేకలాగానే బయటికి వస్తుంది. రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ డాక్టరు 2013లో క్యాన్సర్ రోగిగా ఆసుపత్రిలో చేరినప్పుడు, తన దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది తమ పేరు కూడా చెప్పడం లేదని గమనించారు. తానూ ఆ వృత్తిలోనే ఉన్నారు కనుక అది ఆమెను మరీ కలచివేసింది. ‘హలో, మై నేమ్ ఈజ్’ అన్న మాటలతో మొదలుపెట్టిన ఆమె ప్రచారం బ్రిటన్ ఆసుపత్రులంతటా పాకింది. 2016లో 34 ఏళ్ళకే ఆమె చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టులోనూ ఇలాంటి అంశమే ఉంది. కోత పెట్టబోయే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరూ, తాము చేసే పనీ పైకి చెప్పాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడి చూస్తే ఆపరేషన్ మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఇందులో పేర్లు చెప్పుకోవడం వాటా ఎంతో విడదీయలేం. అక్కడున్న 19 అంశాల్లో అది ఒకటి. అయినా అది ఎందుకు పెట్టారన్నది స్పష్టమే. ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన చిన్న నర్సు, తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే రెండోసారి నోరు విప్పడం తేలిక. మర్యాదను ఎవరి మంచితనానికో వదిలెయ్యకుండా, మత్తుమందు తనిఖీ, రక్తం అద్దే గుడ్డల లెక్కలాగా చెయ్యాల్సిన పనుల జాబితాలో చేర్చారు.

మన కౌంటర్లకూ ఇలాంటిది కావాలి. కేరళలో పాలక్కాడ్ జిల్లాలోని మాత్తూర్ గ్రామ పంచాయతీ 2021లో, తమ ఆఫీసుకు వచ్చేవాళ్ళు ఎవరినీ ‘సార్’, ‘మేడమ్’ అని పిలవనక్కర్లేదని తీర్మానం చేసింది. దరఖాస్తులో ‘వేడుకుంటున్నాను’ అని రాసే పనీ లేదంది. మర్యాదను పై నుంచి కిందికి తేవడానికి అది ఒక దారి. మన సచివాలయాల్లో, ఎమ్మార్వో ఆఫీసుల్లో గోడ మీద ఏ పనికి ఎన్ని రోజులు, ఎంత రుసుము అని బోర్డులుంటాయి. ఆ బోర్డు చదవలేని మనిషికి కూర్చోవడానికి ఒక కుర్చీ, ఎవరిని అడగాలో తెలిసేలా బల్ల మీద ఉద్యోగి పేరు, ఏ కాగితాలు తక్కువయ్యాయో ఒక చీటీ మీద రాసిచ్చే నియమం, కౌంటర్‌లో ఇంకో మనిషి ఉంటే చాలావరకు పని జరుగుతుంది. చీటీ రాసి ఇవ్వాలంటే తల ఎత్తి ఎదుటి మనిషి పేరు అడగక తప్పదు కదా.